'అదెక్కడుందండీ?' అని అడిగితే...

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ. ఎక్కడెక్కడ సీటొచ్చింది? ఎందులో చేర్చాలి? చాలా కాలేజీలకి మే 1లోగా ఏ సంగతీ చెప్పేయాలి. పోయినేడు మా ఇంట్లోనూ నెలంతా ఇదే గొడవ.

మా అమ్మాయికి మేముండే టెక్సాస్‌లో ఓ పెద్ద స్టేట్ యూనివర్సిటీలోనూ, ఒహాయోలో రెండు వేల మంది చదివే ఓ చిన్న కాలేజీలోనూ బయాలజీకి సీట్లొచ్చాయి. ఉగాది వేడుకల్లో ఈ మాట చెబితే తెలిసినాయన ఒకరు 'అదెక్కడుందండీ? పేరే వినలేదే!' అన్నారు. నిజం చెప్పొద్దూ, అంతకుముందు నేనూ వినలేదు.

ఎందుకు వినలేదో ఆలోచిస్తే అర్థమైంది. మనలో చాలామంది ఎంఎస్ చెయ్యడానికి వచ్చినవాళ్లం. మనం అప్లై చేసిన యూనివర్సిటీల పేర్లే మనకి తెలుసు. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, స్వార్త్‌మోర్ లాంటి కాలేజీల్లో మనకి కావలసిన ఎంఎస్‌లు ఉండవు గనక అవి మన చెవిన పడలేదు. పైగా మన ఊళ్లలో కాలేజీ అంటే ఏదో ఒక యూనివర్సిటీకి అనుబంధంగా ఉండేది, దానికంటే ఒక మెట్టు కింద. ఇక్కడ ఆ లెక్క లేదు. ఈ కాలేజీలు సొంతంగా డిగ్రీలిస్తాయి. అక్కడ చదివినవాళ్లు పెద్ద యూనివర్సిటీల్లో పీహెచ్‌డీలకీ వెళ్తున్నారు.

ఇంకో సంగతి. మనలో ఎంతోమందిమి టీఏలుగా చేశాం. మూడొందల మంది కూర్చునే మొదటి ఏడాది క్లాసులకి పేపర్లు దిద్దిందీ, ల్యాబులు నడిపిందీ మనమే. సెమిస్టరంతా ఒక్కసారైనా నోరు విప్పని పిల్లల్ని చూశాం. మార్కులు పోయాక గానీ వాళ్ల ఇబ్బంది మనకి తెలిసేది కాదు. రేపు ఆ కుర్చీల్లో కూర్చునేది మన పిల్లలే.

అలాగని పెద్ద యూనివర్సిటీలని తక్కువ చెయ్యను. మా పెద్దవాడు అలాంటి చోటే చదివాడు. మొదటి రెండేళ్లు వాడి పేరు తెలిసిన ప్రొఫెసర్ ఒక్కరూ లేరు. కానీ వాడు ఊరుకునే రకం కాదు. ఒక్కో ప్రొఫెసర్ తలుపూ తట్టి, మూడో ఏడు ఓ ల్యాబులో చోటు సంపాదించాడు. అన్ని కోర్సులు, అన్ని ల్యాబులు చిన్న కాలేజీలో దొరకవు. చాలావాటిలో ఇంజనీరింగే ఉండదు. సొంత రాష్ట్రం పిల్లలకి స్టేట్ యూనివర్సిటీలో ఫీజూ బాగా తక్కువ. అయితే యూనివర్సిటీలో సీటు వేరు, కంప్యూటర్ సైన్సులో సీటు వేరు. చేరాక మారొచ్చులే అనుకుంటే చాలాచోట్ల కుదరదు. ముందే అడిగి తెలుసుకోండి.

మా అమ్మాయి తీరు వేరు. జవాబు తెలిసినా చెయ్యెత్తదు. తలుపు తట్టమంటే వెనక్కి తిరిగొచ్చే పిల్ల. ఒహాయో తీసుకెళ్లి ఒక క్లాసులో కూర్చోబెట్టాం. పద్నాలుగు మందే ఉన్నారు. సాయంత్రం కారెక్కాక, 'నాన్నా, ఇవాళ నేను రెండుసార్లు మాట్లాడాను' అంది.

ఇక డబ్బు. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్ వంటివి ఆదాయం చూసే సాయం చేస్తాయి. మొగుడూ పెళ్లాలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే పెద్దగా ఆశ పెట్టుకోలేం. మెరిట్ స్కాలర్‌షిప్పులిచ్చే చిన్న కాలేజీలు వేరే చాలా ఉన్నాయి. కాలేజీలు తమ వెబ్‌సైట్లలో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ పెట్టాలని 2011 నుంచి నిబంధన ఉంది. అప్లై చెయ్యకముందే అందులో లెక్క చూసుకోండి. మాకు స్కాలర్‌షిప్పు పోను స్టేట్ యూనివర్సిటీ కంటే ఏడాదికి ఏడెనిమిది వేలు ఎక్కువైంది. భరించగలం అనుకున్నాం. అప్పు చేయాల్సి వస్తే ఇక్కడే చేర్చేవాళ్లం.

తను ఒహాయోకే వెళ్లింది. మీ పిల్లలకి అదే మంచిదని నేననను. వాళ్లు తలుపు తట్టే రకమో కాదో పదిహేడేళ్లు పెంచిన మీకు తెలుసు. ఉగాదికొచ్చే నలుగురికీ తెలియదు. ఈసారి ఎవరైనా 'అదెక్కడుందండీ?' అంటే ఒహాయోలో ఉందని చెప్పి పులిహోర వడ్డించుకుంటాను.