ఫ్లైట్ గంటా 15 నిమిషాలు.. ప్రయాణం 7 గంటలు! అనంతపురం వాళ్లకు విజయవాడ ఎంత దూరం?

అనంతపురం: బెంగళూరు నుంచి విజయవాడకు ఫ్లైట్‌లో ఎంతసేపు? ఫోన్‌లో కొడితే జవాబు వెంటనే వచ్చేస్తుంది. దూరం సుమారు 500 కి.మీ., టైమ్ గంటా 15 నిమిషాలకు అటూ ఇటూ. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఫ్లైట్ ఎక్కాల్సిన మనిషి అనంతపురంలో ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది.

వెళ్లాల్సింది ఈశాన్యానికి.. బయల్దేరేది దక్షిణానికి

అనంతపురం నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకు నేరుగా గీత గీస్తే 400 కి.మీ. కానీ అనంతపురంలో ఎయిర్‌పోర్టు లేదు. అందుకే 44వ నంబర్ హైవే మీద దాదాపు 180 కి.మీ. దక్షిణానికి వెళ్లి, దేవనహళ్లిలో ఫ్లైట్ ఎక్కాలి. అది మళ్లీ ఈశాన్యం వైపే ఎగురుతుంది. అంటే 400 కి.మీ. దూరానికి 680 కి.మీ. తిరగాలన్నమాట!

టైమ్ లెక్క ఇదీ

* దేవనహళ్లికి కారులో: 3 గంటలు
* చెక్-ఇన్, సెక్యూరిటీ: గంటన్నర
* గాల్లో: గంటా 15 నిమిషాలు
* గన్నవరం నుంచి వెలగపూడి సచివాలయానికి: గంటకు పైనే

మొత్తం 7 గంటలు. నేరుగా రోడ్డు మీద వెళ్తే 9 నుంచి 10 గంటలు. కారు కిరాయి, టికెట్ రెండూ పెట్టుకుంటే మిగిలేది రెండు, మూడు గంటలే. అందుకే సామాన్యుడు రాత్రి బస్సే ఎక్కుతున్నాడు.

పక్కన ఎయిర్‌పోర్టులు లేవా?

ఉన్నాయి. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. అక్కడి నుంచి విజయవాడ సర్వీసు 2025 జూలై 2న ప్రారంభమైంది, అదీ వారానికి మూడు రోజులే. కడపలోనూ ఎయిర్‌పోర్టు ఉంది. కానీ రెండూ అనంతపురానికి 150 కి.మీ. పైనే.

దగ్గరున్నది పుట్టపర్తి. సుమారు 80 కి.మీ. సత్యసాయి ట్రస్టు కట్టించిన ఈ ఎయిర్‌పోర్టు 1990 నుంచి ఉంది. రన్‌వే 2 కి.మీ. పైనే. వీఐపీల ప్రత్యేక విమానాలు దిగుతాయి, మామూలు జనం టికెట్ కొని ఎక్కే సర్వీసు మాత్రం లేదు. బెంగళూరు ఎయిర్‌పోర్టు ఒప్పందం వల్ల 2033 వరకు 150 కి.మీ. లోపు మరో అంతర్జాతీయ ఎయిర్‌పోర్టుకు వీల్లేదు. అయితే ఆ ఆంక్ష అంతర్జాతీయ హోదాకే. దేశీయ సర్వీసుకు అది అడ్డు కాదు.

అసలు సమస్య ఎక్కడ?

సచివాలయం, హైకోర్టు రెండూ అమరావతిలోనే. కేసు వాయిదా పడినా, ఫైలు మీద ఒక్క సంతకం కావాలన్నా అనంతపురం మనిషికి రెండు రోజులు పోతాయి. కరువు జిల్లాలో రెండు రోజులంటే కూలి పోయినట్టే.

కాబట్టి చూడాల్సింది గాల్లో ఎంతసేపు అన్నది కాదు. ఇంటి గడప దాటినప్పటి నుంచి పని జరిగే చోటు దాకా ఎంతసేపు అన్నది. ఉదయం వెళ్లి, పని చూసుకుని, సాయంత్రానికి తిరిగొచ్చేలా ఉన్న రన్‌వే మీదే రోజుకో చిన్న విమానం నడిచినా చాలు. అప్పుడే ఈ దూరం నిజంగా తగ్గినట్టు.