అంబులెన్సు వచ్చేలోగా మీరేం చేయాలి?

ప్రశ్న: మా నాయనకు 62 ఏళ్లు. పోయిన వేసవిలో భోంచేసి లేస్తూనే కుప్పకూలిపోయారు. పిలిస్తే పలకలేదు. గురకలాంటి శబ్దం వస్తుంటే ఊపిరి ఉందనుకున్నాం. మొహాన నీళ్లు చల్లాం, ఉల్లిపాయ వాసన చూపించాం, అరికాళ్లు రుద్దాం. కారు దొరికేసరికి అరగంట పట్టింది. నంద్యాల చేరేలోగానే ప్రాణం పోయిందన్నారు. మేమేమైనా చేసి ఉండాల్సిందా? ఇప్పుడు అమ్మకూ గుండెజబ్బు ఉందన్నారు. భయంగా ఉంది.
– ఒక సోదరి, ఆళ్లగడ్డ

జవాబు: సోదరీ, మీ తప్పేమీ లేదు. తెలియని పని ఎవరూ చేయలేరు. ఏం చేసినా ఆయన తప్పక బతికేవారని కూడా ఎవరూ చెప్పలేరు. అయితే అమ్మ కోసం ఇప్పుడు నేర్చుకోవలసింది ఉంది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాదాపు 40 కిలోమీటర్లు. 2017 మార్చి 12న అప్పటి నంద్యాల శాసనసభ్యులు భూమా నాగిరెడ్డిగారు ఆళ్లగడ్డలో గుండెపోటుతో కుప్పకూలితే నంద్యాల ఆస్పత్రికి తరలించారు. ప్రాణం దక్కలేదు. ఎంత పెద్దవారికైనా దూరం దూరమే. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే తొలి వైద్యం ఇంట్లోనే జరగాలి.

మీరు విన్న గురక నిజమైన ఊపిరి కాదు. అది ఎగఊపిరి. మనిషి పలకక, ఊపిరి మామూలుగా లేకపోతే గుండె ఆగినట్లే భావించండి. నాడి వెతుకుతూ కూర్చోకండి.

ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు రోగిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. రొమ్ము మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దానిపై రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాల లోతు నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకొకసారి మనిషి మారాలి. పక్కటెముక విరిగినా ఆపకూడదు. రోగి కదిలేవరకో, సహాయం వచ్చేవరకో సాగించాలి. నోట్లో నీళ్లు పోయవద్దు.

ఛాతీని పైనుంచి నొక్కి రక్తం నడిపించవచ్చని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 1960లో ప్రకటించారు. నోటితో గాలి ఊదే పద్ధతికి ప్రాణం పోసిన పీటర్ సఫార్ మత్తు డాక్టరే. తర్వాత 2010లో అమెరికా, స్వీడన్ దేశాల పరిశోధనల్లో ఒక విషయం తేలింది. ఫోన్‌లో చెబుతుంటే ఛాతీ మాత్రమే నొక్కినా, గాలి ఊదుతూ నొక్కినదానికి ఫలితం తీసిపోలేదు. కాబట్టి పెద్దవాళ్లకు ఊదడం రాకపోయినా నొక్కడం ఆపకండి. పసిపిల్లలకు, నీట మునిగినవారికి మాత్రం గాలి ఊదడమూ అవసరమే.

అమ్మకు స్పృహ ఉండి ఛాతీనొప్పి వస్తే నడిపించకండి. కూర్చోబెట్టి వెంటనే 108ని పిలవండి. ఈసారి పరీక్షకు నంద్యాల వెళ్లినప్పుడు అక్కడి మత్తు డాక్టరునో, నర్సునో అడిగి ఈ పద్ధతిని బొమ్మమీద చేసి చూడండి. ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి. ఒక్కరే అయితే త్వరగా అలసిపోతారు.