బంతులు విసిరే యంత్రం కొందాం – కాని ఎవరికోసం?



ఈ ఏడు మన యూనియన్ ముందుకు వచ్చిన కోరికల్లో ఒకటి చాలామందికి నవ్వు తెప్పించింది. పికిల్‌బాల్ ప్రాక్టీసుకి బంతులు విసిరే యంత్రం కావాలట! “ఊరగాయ ఆటకి మిషను కూడానా?” అన్నవాళ్లున్నారు. “కొంటే అన్నిటికన్నా వేగంగా విసిరేదే కొనాలి” అన్నవాళ్లూ ఉన్నారు. నవ్వినవాళ్లతోనూ, తొందరపడేవాళ్లతోనూ నాకు పేచీయే. యూనియన్ నిధి అంటే మనందరి ఫీజుల్లోంచి పోగైన డబ్బు. అది ఎక్కడికి పోతున్నదో అడిగే హక్కు, ఏ ఆటా ఆడనివాడికి కూడా ఉంది.

ముందు ఆట సంగతి. 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, వేసవి సెలవుల్లో ఏమీ తోచని పిల్లల కోసం జోయెల్ ప్రిచర్డ్ అనే ఆయన, ఆయన మిత్రులు కలిసి దీన్ని పుట్టించారు. పాత బ్యాడ్మింటన్ కోర్టు, పింగ్‌పాంగ్ బ్యాట్లు, రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతి – ఇంతే మొదటి సరంజామా. ఈనాటికీ కోర్టు కొలత 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. అంటే మన డబుల్స్ బ్యాడ్మింటన్ కోర్టు కొలతే. నెట్ మధ్యలో 34 అంగుళాల ఎత్తు. నెట్‌కి రెండువైపులా ఏడేసి అడుగుల జాగాకి ‘వంటిల్లు’ అని ముద్దుపేరు. అక్కడ నిలబడి, నేల తాకని బంతిని కొట్టకూడదు. 2025లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌ని జాతీయ క్రీడా సమాఖ్యగా గుర్తించింది. కాబట్టి నవ్వి ఊరుకునే దశ దాటిపోయింది.

సరే, ఆటకి యంత్రం అవసరమా? అవసరం లేదనేవాళ్లకి మంచి సాక్ష్యాలే ఉన్నాయి. డాన్ బ్రాడ్‌మన్ చిన్నతనంలో ఇంటి వెనుక నీళ్ల ట్యాంకు కింది గుండ్రటి ఇటుక గోడకేసి గోల్ఫ్ బంతిని స్టంపుతో కొట్టి కొట్టి చేయి సాధించాడు. బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు అందుకున్న మన జమ్మలమడక పిచ్చయ్య గారికి ఏ యంత్రం బంతులు విసిరింది? కాని రెండోవైపు కూడా చూడాలి. టెన్నిస్ వీరుడు రెనె లకోస్త్ 1920ల చివర్లోనే చేత్తో తిప్పే బంతుల యంత్రం తయారుచేయించుకున్నాడు. వింబుల్డన్ గెలిచినవాడికే తనకి కావలసిన బంతిని కావలసినన్నిసార్లు ఇచ్చే మనిషి దొరకలేదన్నమాట!

అసలు కిటుకు ఇక్కడే ఉంది. బాగా ఆడేవాడికి తోడు ఎలాగైనా దొరుకుతుంది. తోడు దొరకనిది కొత్తవాడికి. పల్లెటూరి నుంచి వచ్చి హాస్టల్లో చేరి, ప్యాడిల్ మొదటిసారి పట్టుకున్న కుర్రాడు సాయంత్రం కోర్టు పక్కన నిలబడతాడు. “ఈ గేము అయ్యాక రా” అంటారు. ఆ గేము అవుతుంది, చీకటీ పడుతుంది. హాస్టల్ గేటు వేళకి తిరిగి వెళ్లాల్సిన ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. యంత్రం వెక్కిరించదు. విసుక్కోదు. నీ ఊరేది, నీ షూ ఏ కంపెనీది అని అడగదు. అందుకే యంత్రం కొనాలంటాను. అయితే జట్టులోని నలుగురి కోసం కాదు, తోడు లేనివాళ్ల కోసం కొనాలి. ఎవరి కోసమో తేల్చుకుంటే, ఏది కొనాలో సగం తేలిపోతుంది.

మాది చోడవరం దగ్గర చెరుకు పండించే ఇల్లు. మా వైపు రైతు మోటారు కొనేటప్పుడు హార్స్‌పవర్ ఎంత అన్నది చివర అడుగుతాడు. ముందు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయి? రోజుకి ఎంత నేల తడుస్తుంది? కాలిపోతే వైండింగ్ చేసేవాడు ఎక్కడున్నాడు? వంతు ఎవరిది? బంతుల యంత్రానికి కూడా ఈ నాలుగే చాలు.

మొదటిది, పని ఏమిటి? అమ్మేవాళ్ల కాగితాల్లో గరిష్ఠ వేగం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పికిల్‌బాల్‌లో గెలుపోటములు తేలేది ఎక్కువగా నెట్ దగ్గర, నెమ్మదైన బంతుల మీద. వంటింట్లో మెత్తగా వాలే బంతిని మళ్లీ అంతే మెత్తగా వాల్చడమే నేర్చుకోవలసిన విద్య. అందుచేత “ఎంత వేగంగా విసురుతుంది?” అని కాదు, “ఎంత నెమ్మదిగా, ఎంత తిన్నగా విసరగలదు?” అని అడగాలి. ఎత్తు మార్చే వీలు, కుడిఎడమలకి తిరుగుతూ విసిరే వీలు తప్పనిసరి. ఎదురెదురుగా తిరిగే రెండు చక్రాల రకమైతే, ఒకదాని వేగం పెంచి రెండోదాని వేగం తగ్గిస్తే బంతికి స్పిన్ వస్తుంది. ఫిజిక్సు క్లాసులో చదివే మాగ్నస్ ప్రభావం అప్పుడు కోర్టులో కళ్లకి కనిపిస్తుంది. ఎక్కడైనా పాత టెన్నిస్ యంత్రం చవగ్గా వస్తుందని ఎగబడకండి. టెన్నిస్ బంతి బరువు 56 గ్రాముల పైన, పికిల్‌బాల్ బంతి 22 నుంచి 26 గ్రాములే. పైగా వ్యాసం దానికన్నా ఎక్కువ. గాలి ఒత్తిడితో నెట్టే రకానికి రంధ్రాల బంతి అంతగా నప్పదు.

రెండోది, రోజుకి ఎంతమంది? లెక్క వేద్దాం. తొట్టిలో వంద బంతులు పడితే, నాలుగు సెకన్లకొకటి చొప్పున విసిరితే, ఏడు నిమిషాల లోపే అయిపోతాయి. ఏరుకుని తిరిగి పోయడానికి అయిదు నిమిషాలనుకుందాం. గంటకి అయిదుగురు, రెండు గంటలకి పదిమంది. ఒక్కొక్కరికి నూరేసి బంతులు. తొట్టి యాభైదే అయితే మాటిమాటికీ ఆగి ఏరుకోవలసి వస్తుంది. అంచేత వేగానికి పెట్టే డబ్బు తొట్టికి పెట్టడం మేలు. ఇంకొక మాట – బంతుల ఖర్చు కూడా ఇప్పుడే అంచనాలో రాయాలి. ప్లాస్టిక్ బంతులు మన ఎండకి మెత్తబడి గుండ్రం తప్పుతాయి, వాడగా వాడగా పగుళ్లిస్తాయి. విత్తనాలకి డబ్బు మిగల్చకుండా ట్రాక్టరు కొన్న రైతుని ఏమంటాం?

మూడోది, చెడితే బాగుచేసేవాడెవడు? విదేశీ యంత్రాల ఖరీదు లక్ష రూపాయలు, ఆ పైన కూడా ఉంటుంది. అది ఓడెక్కి మన రేవులోనే దిగినా, దాని విడిభాగం కోసం మళ్లీ ఓడవైపే చూస్తూ కూర్చోవలసి వస్తే ఏం లాభం? బేరింగు, బెల్టు, స్విచ్చి గాజువాక ఆటోనగర్‌లో దొరికే కొలతల్లో ఉన్నాయా అని కొనకముందే చూడాలి. ఉక్కు ఊళ్లో చదివే మనకి తుప్పు గురించి ఒకరు చెప్పనక్కరలేదు. సముద్రపు ఉప్పుగాలి తేమతో కలిసి ఇనుము మీద వాలితే, మరచీలలు ఒక్క వానాకాలంలోనే బిగుసుకుపోతాయి. లోహపు భాగాలకి మంచి పూత ఉండాలి, మూత ఉండాలి, రాత్రి లోపల పెట్టే చోటు ఉండాలి. బ్యాటరీ విషయమూ అంతే. లెడ్ ఆసిడ్ బ్యాటరీ బరువెక్కువ, కాని తేలిగ్గా దొరుకుతుంది. వేసవి సెలవుల్లో చార్జి చేయకుండా వదిలేస్తే మాత్రం పాడవుతుంది. లిథియం తేలిక, కాని చాలావాటిలో ఆ కంపెనీ ప్యాకే వేయాలి. ఏది కొన్నా సెలవుల్లో చూసే మనిషి పేరు ముందే రాసుకోవాలి.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది – వంతు ఎవరిది? కాలువ నీళ్ల దగ్గర తగాదాలు నీళ్లు లేక మాత్రమే రావు, వంతు రాసుకోక వస్తాయి. కాలేజీల్లో సామాను చెడేది వాడకం వల్ల కొంతే. బీరువాలో పెట్టి తాళం వేయడం వల్ల ఇంకొంత. తాళంచెవి ఒక్కడి జేబులో ఉంటే అది కాలేజీ యంత్రం కాదు, ఆ జేబుగల వాడి యంత్రం. గోడ మీద పట్టిక ఉండాలి. సగం వేళలు కొత్తగా నేర్చుకునేవాళ్లకి, అందులో ఆడపిల్లలకి అనువైన పొద్దుటి వేళలు తప్పకుండా ఉండాలి. జట్టువాళ్లు మిగతా సగం తీసుకోవచ్చు. అటెండర్లకీ, ఆఫీసు సిబ్బందికీ కూడా వారంలో ఒక గంట ఇస్తే మన సొమ్మేం పోదు.

యంత్రం చేయలేనిది కూడా చెప్పకపోతే నా మాట ఏకపక్షమవుతుంది. యంత్రానికి భుజం లేదు, చూపు లేదు. ఎదుటివాడి ప్యాడిల్ ఎటు తిరిగిందో చూసి బంతి రాకముందే కదలడం మనిషి దగ్గరే నేర్చుకోవాలి. క్రికెట్‌లో బౌలింగ్ మెషీన్ ముందు ఆడేటప్పుడు బ్యాటరు కదలికల టైమింగు బౌలరు ముందు ఆడినట్లు ఉండదని పరిశోధకులు ఏనాడో గమనించారు. ఆంద్రె అగస్సీ చిన్నప్పుడు తండ్రి మార్పించిన యంత్రం ముందు రోజుకి వేలాది బంతులు కొట్టి, ఆ యంత్రానికి ‘డ్రాగన్’ అని పేరు పెట్టుకుని, ఆటనే ద్వేషించానని 2009లో వచ్చిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అందుచేత నూరు బంతులు యంత్రంతో, తరవాత ఒక గేము మనిషితో – ఇదే మన నియమం కావాలి.

“ఇంత తతంగం ఎందుకు, ఒక గోడ కట్టి నెట్ ఎత్తున గీత గీస్తే చాలదా?” అని మిత్రులు అడగవచ్చు. గోడ కట్టండి! అది ఎంతో చవక, చెడదు, తాళం అక్కరలేదు. యంత్రం బేరం తెగేలోగా గోడ లేచిపోతుంది. కాని గోడ మన బంతినే మనకి తిరిగిస్తుంది. మంచి బంతి కొట్టలేనివాడికి మంచి బంతి తిరిగిరాదు. కొత్తవాడి కష్టం అక్కడే ఉంది, యంత్రం పనికివచ్చేదీ అక్కడే.

యూనియన్ పెద్దలకి, ఆటల విభాగం అధ్యాపకులకి నా మనవి ఒక్కటే. కొటేషన్లు పిలిచే ముందు వంతుల పట్టిక రాయండి. ఆ పట్టికలో మొదటి పేరు జట్టు కెప్టెనుది కాకుండా, ఇంతవరకు కోర్టు పక్కనే నిలబడిపోయినవాడిది అయితే, ఆ యంత్రానికి నా ఫీజులోని రూపాయి కూడా సంతోషంగా ఇస్తాను. కాకపోతే, ఆ డబ్బుతో గోడ ఒక్కటీ కట్టి ఊరుకుందాం.