మెనూ పోతే కంప్యూటర్ పోయినట్టేనా?

హాస్టల్ గోడ మీద మెనూ బోర్డు చెరిగిపోతే వంటగదిలో అన్నం, పప్పు లేవనుకుని ఎవరైనా పస్తుంటారా? కంప్యూటర్ దగ్గర మాత్రం మనం ఆ పనే చేస్తున్నాం.

ఆ మధ్య నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో మెనూ సర్దబోయి మొత్తం ఖాళీ చేసుకున్నాను. విశాఖలో చూపిస్తే "అంతా చెరిపి మళ్లీ ఎక్కించాలి" అన్నారు. పదో తరగతి పిల్లల కోసం టైపు చేసిన నోట్సంతా అందులోనే ఉంది. ఒప్పుకోలేక, ఒళ్లో పెట్టుకుని అరకు బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి ఫైర్‌ఫాక్స్ పేరు కొట్టాను. తెరుచుకుంది! ప్రోగ్రాములు పదిలం, పోయింది పట్టికే. కొత్త యూజర్‌గా లాగిన్ అయితే మెనూ నిండుగా కనిపించింది. అంటే తప్పు సిస్టంలో లేదు, నా సెట్టింగుల్లో ఉంది. నాది ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. మనం చేసిన మార్పులు హోమ్‌లో దాగి ఉండే 'డాట్ కాన్ఫిగ్' లోపల 'మెనూస్' ఫోల్డర్‌లో ఉంటాయి. కంట్రోల్, హెచ్ నొక్కితే దాగినవి కనబడతాయి. ఆ ఫోల్డర్‌ను చెరపకుండా పేరు మాత్రం మార్చి, లాగౌట్ అయి మళ్లీ వచ్చాను. మెనూ తిరిగొచ్చింది. రూపాయి ఖర్చు లేదు.

లైనక్స్ ఉచితమని సంతోషిస్తే చాలదు. విప్పి చూసుకునే హక్కు కూడా అది మనకిచ్చింది. "పాడుచేస్తారు" అంటూ పిల్లల్ని కంప్యూటర్ ముట్టనివ్వని పెద్దలకూ ఇదే నా మనవి: బాగుచేయడం నేర్చేది పాడైనప్పుడే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముందు నోట్సు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత ధైర్యంగా చేయి పెట్టండి. విశాఖ దూరమే కావచ్చు, కారణం వెతికే బుర్ర మాత్రం మన దగ్గరే ఉంది.

– ఒక పూర్వ విద్యార్థి, అరకులోయ