పొమ్మనలేక పొగబెట్టిన వీథులు



పాతదానిని పడగొట్టడమే ప్రగతి అని వాదించేవారు ఒకమారు లివర్‌పూల్‌లోని ‘వెల్ష్ వీథుల’ చరిత్ర చదవాలి.

విక్టోరియా రాణి ఏలుబడిలో, పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో, టాక్స్‌టెత్ పేటలో ఈ వీథులు వెలశాయి. కట్టినవారు వేల్స్ నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన పనివారు. రూపకల్పన వేల్స్‌వాడే అయిన రిచర్డ్ ఓవెన్స్‌ది. మాడ్రిన్, పోవిస్, వోలాస్ అంటూ తమ సీమలోని పేర్లనే వీథులకు పెట్టారు. ఉమ్మడి గోడలతో బారులు తీరిన ఇటుక ఇళ్ళవి.

2002లో ప్రభుత్వం ‘గృహ విపణి పునరుద్ధరణ’ పథకం ఆరంభించింది. పేరు పునరుద్ధరణ; ఈ వీథుల వంతుకు వచ్చినది కూల్చివేత ప్రతిపాదన. ఇళ్ళు ఖాళీ చేయించారు, కిటికీలు మూసి బిగించారు. పొయ్యి వెలగని ఇంట గోడ చెమ్మగిల్లదా? ఆ చెమ్మనే చూపి నివాసయోగ్యం కాదన్నారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే కదా!

ఇళ్ళు ఇరుకని, చెమ్మ పూర్వమూ ఉన్నదని, కొత్త ఇల్లు కోరి కూల్చివేతను సమర్థించిన నివాసులూ ఉన్నారని ప్రతివాదులంటారు. నిజమే. కాని రోగం నిజమైనంత మాత్రాన ఇచ్చిన మందు సరియైనది కాజాలదు.

మాడ్రిన్ వీథి తొమ్మిదవ నంబరు ఇంట 1940లో బీటిల్స్ బృందపు రింగో స్టార్ జన్మించాడు. 2012లో ఆ ఇంటినీ, పక్కనున్న కొన్నింటినీ మాత్రం నిలుపుతామన్నారు. ఇదేమి న్యాయం? పసితనంలోనే ఆ ఇల్లు విడిచిన ప్రముఖునికి ఉన్న విలువ, బ్రతుకంతా అక్కడే గడిపినవారికి లేదా?

2015 జనవరిలో మంత్రి ఎరిక్ పికిల్స్ కూల్చివేతకు అనుమతి నిరాకరించారు. పిదప 2017 నుండి అవే ఇళ్ళను బాగుచేశారు. ఇరుకన్నచోట రెండింటిని కలిపి ఒకటి చేశారు. పనికిరావన్న గోడల నడుమ మళ్ళీ దీపాలు వెలిగాయి. చెడినది ఇల్లా, ఏలినవారి చూపా?

అయితే ఇది సంపూర్ణ విజయం కాదు. ఆ ఇళ్ళు అద్దె ఇళ్ళుగా తిరిగివచ్చాయి. చెదరిపోయిన ఇరుగుపొరుగు మాత్రం ఎప్పటివలె తిరిగి రాలేదు. గోడను బాగుచేయడానికి మేస్త్రీ ఉన్నాడు. చెదరిన పొరుగును అతికే మేస్త్రీ ఎక్కడ ఉన్నాడు? అందుచేత వీథిని కొలవవలసినది ఇటుకతో కాదు, గడప దాటి పలకరించుకొనే మనుషులతో.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్రాయగలరు.