మా టీచరు ఒప్పుకోని మాట

'సేవ' అనే మాటని మా నర్సింగ్ టీచరు క్లాసులో అననిచ్చేవారు కాదు. 'సేవకి జీతం అడిగితే ఆశ అంటారు. పనికి అడగొచ్చు. మీరు చేసేది పని' అనేవారు. ఏటా మే 12న నర్సుల్ని వేదికెక్కించి, పూలిచ్చి, 'మీరు దేవతలు' అని పొగుడుతుంటే నాకు ఆవిడే గుర్తొస్తారు.

మనం రాసుకునే ఆత్మకథల్లో గురువులంటే కవులు, ప్రొఫెసర్లు, ఉద్యమ నాయకులు. నర్సింగ్ టీచరు ఎందుకు కనబడదు? ఆవిడ నేర్పింది ఒంటితో చేసే పని కాబట్టేనా? మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, ఎర్రబడ్డ చర్మాన్ని పుండు కాకముందే గుర్తుపట్టడం, ఊపిరి లెక్కపెట్టడం ఆడవాళ్లకి పుట్టుకతోనే వస్తాయని లోకం నమ్మకం. రావు. ఒకరు నేర్పాలి, ఇంకొకరు ఏళ్ల తరబడి చేసి నేర్చుకోవాలి. ఈ జ్ఞానాన్ని 'స్త్రీ స్వభావం' అనగానే నేర్పినావిడ మాయమవుతుంది, చేసినావిడ జీతం తగ్గుతుంది.

ఈ మాయాజాలం పాతదే. క్రిమియా యుద్ధంలో గాయాల కన్నా నివారించగలిగిన రోగాలతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని 1858లో అంకెలతో, పటాలతో నిరూపించింది ఫ్లారెన్స్ నైటింగేల్. మన పాఠ్యపుస్తకాలు ఆమె లెక్కల్ని వదిలేసి చేతిలో దీపాన్ని మాత్రం ఉంచాయి.

మా టీచరు నేర్పింది చూడటం, రాయడం. రోగి చెయ్యి పట్టుకోవద్దని ఎప్పుడూ అనలేదు. పట్టుకున్నప్పుడు నాడి కూడా చూడమన్నారు. 'రోగి బాగా నిద్రపోయింది' అని ఎవరు రాసినా ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఎన్ని గంటలు పడుకుంది? ఎన్నిసార్లు లేచింది? నొప్పి గురించి ఆమె ఏ మాటల్లో చెప్పింది? అవే రాయాలి. 'రాయనిది చేయనట్టే' అన్న నర్సింగ్ సూత్రాన్ని ఆవిడ అలా మా చేతుల్లోకి ఎక్కించారు. ఇవాళ నేను వ్యాసం రాసినా విశేషణం పెట్టేముందు చెయ్యి ఆగుతుంది.

రాత్రి డ్యూటీల్లో లక్షలమంది ఆడవాళ్లు రాసిన ఆ నోట్సు స్త్రీల రచన కాదా? మన విమర్శ దాన్ని ఎప్పుడైనా తెరిచి చూసిందా? మన కథల్లో నర్సయితే త్యాగమూర్తి, లేకపోతే చులకన. చదువుకున్న పనిమంతురాలిగా ఎన్నిసార్లు కనబడింది?

ఇది గౌరవానికి మాత్రమే సంబంధించిన గొడవ కాదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సుకి నెలకి 20,000 రూపాయలకి తక్కువ ఇవ్వకూడదంది. అమలు మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. 2020 మార్చి 22న దేశమంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లకి ఖర్చు లేదు. దేవతకి పేస్లిప్ ఉండదు.

స్త్రీ అధ్యయనాల్లో ఉన్న మిత్రులారా, రిటైరై ఇళ్లల్లో ఉన్న నర్సింగ్ టీచర్ల దగ్గరికి వెళ్లండి. త్యాగాల గురించి అడక్కండి. ఏం నేర్పారో, ఎలా నేర్పారో అడిగి రాసుకోండి. రాయనిది చేయనట్టే అయితే, ఇన్ని తరాల చేతుల్ని తయారుచేసిన వాళ్లు ఏమీ చేయనట్టేనా?