టాన్సిల్స్‌కు కత్తి ఎప్పుడు?

పిల్లవానికి నాలుగుసార్లు గొంతునొప్పి, జ్వరం వస్తే చాలు, "ఆ టాన్సిల్స్ తీయించేస్తే పీడ పోతుంది కదా" అనేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. "కోయిస్తే మాట పోతుంది, పెద్దయితే అదే తగ్గుతుంది" అని అడ్డుపడే ముసలమ్మలూ ఉన్నారు. ఇద్దరూ పిల్లవాని గొంతు చూడకుండానే తీర్పు చెబుతున్నారు. మధ్యన తల్లిదండ్రులు నలిగిపోతున్నారు.

టాన్సిల్స్ అంటే గవదబిళ్ళలు కావు, కొండనాలుక అసలే కాదు. నోరు తెరిస్తే గొంతుకు ఇరుపక్కలా కనిపించే కండ ముద్దలవి. చిన్నతనంలో పెద్దవిగా ఉండి, వయసు వచ్చేకొద్దీ కుంచించుకుపోతాయి. చాలామంది పిల్లలకు ఈ బాధ క్రమంగా తగ్గడానికి ఇదొక కారణం. పెద్దవిగా కనిపించినంత మాత్రాన కోయనక్కరలేదు.

మరి కోత ఎప్పుడు? డాక్టర్లు అనుసరించే లెక్క ఒకటి ఉంది. ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్ళు ఏటా 5 సార్లు, లేదా వరుసగా మూడేళ్ళు ఏటా 3 సార్లు రావాలి. అదీ ఉత్త గొంతు గరగర కాదు. 101 డిగ్రీలు దాటిన జ్వరమో, టాన్సిల్స్‌పై తెల్లని పొరో, మెడలో బిళ్ళకట్టడమో దానితోపాటు ఉండాలి. చిక్కంతా ఇక్కడే వస్తోంది. "ఎప్పుడూ వస్తూనే ఉంటుందండీ" అంటే డాక్టరుకు ఏం తెలుస్తుంది? గోడమీది క్యాలెండరులో పాల లెక్క, కూలీల లెక్క వేసుకునే ఇంట్లో జ్వరం వచ్చిన తేదీ గుర్తు పెట్టడం కష్టమేమీ కాదు. పిల్లవాడు గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఆగి లేస్తుంటే మాత్రం ఈ లెక్కలతో పనిలేదు, వెంటనే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

ఆగి చూడడమంటే ఊరకుండడం కాదు. గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటంతటవే తగ్గుతాయి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చినదైతే డాక్టరు సాధారణంగా పెన్సిలిన్ జాతి మందు 10 రోజులకు రాస్తారు. ఊళ్ళలో జరుగుతున్నదేమిటి? రెండు రోజులకు జ్వరం దిగగానే మిగిలిన బిళ్ళలు గూట్లోకి చేరుతున్నాయి. మరో నెలకు అవే పక్కింటి పిల్లకు వెళుతున్నాయి! ఈ రకం గొంతునొప్పికి సరైన వైద్యం జరగకపోతే కొందరు పిల్లలకు కీళ్ళవాత జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడతాయి. కత్తికి జడిసేవారు దీనికి జడవకపోవడం విచిత్రం.

కోత వల్ల ప్రయోజనం లేదనలేము. బ్రిటన్‌లో పెద్దవారిపై జరిపిన పరిశీలన ఒకటి 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రెండేళ్ళలో, కోయించుకున్నవారు సుమారు 23 రోజులు, ఆగినవారు సుమారు 30 రోజులు గొంతునొప్పి పడ్డారు. కోయించుకున్నవారిదే పైచేయి, కాని తేడా వారం రోజులే.

కోయించాలని తేలితే పల్లెవాసులు ముందే అడగవలసిన మాట ఒకటుంది. రక్తం పడే ప్రమాదం మొదటిరోజుతో పోదు. 5 నుంచి 10 రోజుల మధ్య గొంతులోని పొర ఊడేటప్పుడు మళ్ళీ పడవచ్చు. పడితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. కోతలో, నాట్లలో పని ఉందని మూడోనాడే పిల్లవాణ్ణి బస్సెక్కించి ఊరికి తెచ్చేవారు దీన్ని ఆలోచించాలి. పట్నంలో బంధువుల ఇల్లుంటే ఆ పది రోజులూ అక్కడ ఉంచడం మేలు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఈ జబ్బుకు పది రోజుల మందూ ఒకేసారి ఇచ్చి, వచ్చిన తేదీని చీటీపై రాసి తల్లి చేతిలో పెట్టేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశించడం అవసరం.